పెద్ద అక్షరాల సాదా తెలుగు బైబిల్: రోజూ చదివి లోబడాలనుకునేవారి కోసం ఒక సమీక్ష

విశాఖలో తెలుగు బైబిల్ దొరకడం కష్టమేమీ కాదు. డాబాగార్డెన్స్, జగదాంబ వైపు పుస్తకాల షాపుల్లో అడగొచ్చు. ఊళ్లో కన్వెన్షన్ జరిగితే మైదానం గేటు దగ్గరే స్టాలు పెడతారు. ఆన్‌లైన్‌లో ఆర్డరిస్తే ఇంటికే వస్తుంది. రకాలు మాత్రం బోలెడు: జిప్ కవరుది, బంగారు అంచుది, థంబ్ ఇండెక్సుది (పుస్తకాల పేర్లతో పేజీ అంచున గుర్తులు కోసినది), వ్యాఖ్యానాలున్నది, తెలుగు-ఇంగ్లిషు జంట ప్రతి, జేబులో పట్టే చిన్నది. కొనేవాళ్లు అట్ట చూస్తారు, ధర అడుగుతారు, తీసుకుని వెళ్లిపోతారు. ఇక్కడ మాత్రం కొలత ఒక్కటే. ఏడాది పొడుగునా రోజూ తెరవాలనిపించేది ఏది? చదివినదానికి లోబడేలా మనిషిని నిలబెట్టేది ఏది? ఆ కొలతకు నిలిచేది పెద్ద అక్షరాల సాదా ప్రతే. అనువాదం అందరూ ఓవీ (ఓల్డ్ వెర్షన్) అనే పాతదే కావాలి. వ్యాఖ్యానాలు, జిప్పు అక్కర్లేదు. పేజీ అడుగున రిఫరెన్సులుంటే మంచిది, లేకపోయినా పర్వాలేదు.

ఇంత పట్టుగా చెప్పడానికి కారణం ఉంది. శోధన, అంటే తప్పు వైపు లాగే పరీక్ష, వచ్చేటప్పుడు చెప్పి రాదు. బిల్లు కదలాలంటే ఎంతో కొంత చేతిలో పెట్టమనే గుమాస్తా, జీతాల రోజు సాయంత్రం వైన్‌షాపు వైపు లాగే స్నేహితులు, ఫోన్లో క్రికెట్ బెట్టింగు, అందరూ పడుకున్నాక ఒంటరిగా చూసే వీడియోలు, పాడుకున్న చిట్టీకి వాయిదాలు ఎగ్గొడదామనే ఆలోచన. ఇవి ఎదురైన క్షణంలో బైబిల్ తీసి వెతికే వ్యవధి ఎవరికీ ఉండదు. అప్పటికి లోపల ఏది నిలవ ఉందో అదే నోట్లోంచి వస్తుంది. బబులోను రాజు పెట్టిన భోజనం ముందు కూర్చున్నాక దానియేలు ఆలోచించలేదు. తనను అపవిత్రపరచుకోకూడదని ముందే ఉద్దేశించుకున్నాడు, ఆ తర్వాతే పది రోజుల పరీక్షకు ఒప్పించుకున్నాడు. ఆదికాండము 39 జాగ్రత్తగా చదివితే యజమాని పోతీఫరు భార్య యోసేపును ఒక్కసారి కాదు, దినదినమూ అడిగిందని కనిపిస్తుంది. అతను ఆ ఒక్క రోజు పారిపోగలిగాడంటే అంతకుముందు రోజులన్నీ కాదన్నాడు గనుకే. నమ్మకత్వం రోజువారీ పని. రోజువారీ పనికి రోజూ చేతికి అలవాటైన పనిముట్టు కావాలి. అందుకే అక్షరం సైజు, కుట్టు, కాగితం లాంటి చిన్న విషయాలకు ఇంత చోటు ఇస్తున్నాం.

మొదట అక్షరం. తెలుగు బైబిళ్లలో చదవడం మానేయడానికి అన్నిటికంటే పెద్ద కారణం భక్తి తగ్గడం కాదు, అచ్చు చిన్నది కావడం. మన అక్షరానికి పైన గుడి, ఏత్వం ఉంటాయి, కింద ఒత్తులు వేలాడతాయి. పంక్తుల మధ్య ఎడం తక్కువైతే పై పంక్తి ఒత్తు కింది పంక్తి గుడిలోకి దిగిపోతుంది. థ కడుపులో చుక్క మాయమై ధ లాగా కనిపిస్తుంది, ప కీ ష కీ తేడా తెలియదు. పది నిమిషాలకే కళ్లు లాగుతాయి, పుస్తకం మూతపడుతుంది. షాపులో పరీక్షించాలంటే యోహాను 3 తెరవకండి. అది నోటికొచ్చిన అధ్యాయం, చూడకుండానే చదివేస్తారు. మొదటి దినవృత్తాంతముల మొదటి తొమ్మిది అధ్యాయాల్లో ఏదో ఒకటి తీయండి. అన్నీ పేర్లే, అన్నీ కొత్తవే. అడుగుం పావు దూరంలో పట్టుకుని, షాపు ట్యూబులైటు కింద కాకుండా గుమ్మం దగ్గర నీడలో నిలబడి అర పేజీ పైకి చదవండి. ఎక్కడా తడబడకపోతే ఆ అచ్చు మీకు సరిపోతుంది. అక్షరం 11 పాయింట్లకు తగ్గకుండా ఉంటే నలభై దాటినవాళ్లకు కూడా ఇబ్బంది ఉండదు. అచ్చు పెద్దది, పంక్తులు మాత్రం ఇరుకు అనిపించే ప్రతి కంటే కాస్త చిన్న అచ్చుతో విశాలంగా ఉన్నదే మేలు.

పెద్ద అచ్చుకు మూల్యం బరువు. పుస్తకం కిలో దాటుతుంది. ఒళ్లో పెట్టుకుని చదవచ్చు గానీ పడుకుని చేతుల్లో ఎత్తిపట్టి చదవలేం. సిటీ బస్సులో నిలబడి అసలు కుదరదు. ఇది లోటే. ఆదివారం గుడికి తీసుకెళ్లడానికి చిన్న ప్రతి వేరే ఉంచుకోవడమే దీనికి మార్గం. ఇంట్లో చదివేది, గుర్తులు పెట్టేది మాత్రం ఒక్కటే ఉండాలి. నాలుగు బైబిళ్లలో నాలుగు చోట్ల గుర్తులు పెట్టుకున్నవాళ్లకు కావలసిన మాట కావలసినప్పుడు దొరకదు.

తర్వాత బైండింగు. అట్ట తోలుదా రెక్సినా అన్నది రెండో సంగతి, ముందు కుట్టు చూడాలి. పుస్తకాన్ని నిలబెట్టి వెన్ను పైభాగంలోకి చూడండి. కాగితాలు మడతలు మడతలుగా, ఫారాలుగా కనిపిస్తే అది దారంతో కుట్టినది. మడతలేమీ లేకుండా నున్నగా ఒకే దిమ్మలా ఉంటే జిగురుతో అతికించినది. ఇంకో గుర్తు ఉంది: ఏదైనా ఫారం సరిగ్గా మధ్యకు తెరిస్తే లోపల దారం కనబడాలి. జిగురు బైండింగు వెయ్యి పేజీలు దాటిన పుస్తకాన్ని మొయ్యలేదు. కీర్తనల దగ్గర, మత్తయి దగ్గర ముందు విరుగుతుంది, ఎందుకంటే చెయ్యి ఎక్కువగా వెళ్లేది అక్కడికే.

కుట్టినదైనా మొదటిసారి తెరిచే పద్ధతి తెలియక వెన్ను విరిచేస్తుంటారు. కొత్త బైబిల్‌ను బల్ల మీద వెన్ను ఆనేలా నిలబెట్టండి. ముందు అట్టను ఒకవైపు, వెనక అట్టను మరోవైపు వాల్చండి. ఆ తర్వాత ముందునుంచి ఓ ఇరవై ఆకులు, వెనకనుంచి ఓ ఇరవై ఆకులు, మార్చి మార్చి వాలుస్తూ, లోపలి అంచు వెంట వేలితో మెల్లగా నొక్కుతూ మధ్యకు రండి. పది నిమిషాల పని. బంగారు అంచు ఉంటే ఆకులు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, వేళ్లతో విసనకర్రలా విప్పి విడదీయాలి గానీ గోరుతో లాగకూడదు. లాగితే అంచు చిరుగుతుంది.

జిప్ కవరు విశాఖకు పనికిరాదు. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. ఇనుప జిప్పు ఒకటి రెండు వానాకాలాల్లో తుప్పు పట్టి బిగుసుకుపోతుంది, తుప్పు మరక పేజీ అంచులకు అంటుతుంది. జిప్పు బాగున్నంతకాలమూ మరో చిక్కు ఉంది, దాని పళ్లు మూల పేజీలను కొరికేస్తాయి. ఆదికాండం మొదటి పేజీలు, ప్రకటన చివరి పేజీలు ముందు పోయేది అందుకే. చవక రెక్సిన్ ఈ తేమకు పొరలు పొరలుగా ఊడుతుంది. కాలికో గుడ్డ అట్టగానీ మందపాటి సాదా అట్టగానీ నమ్మకమైనది. గోడకు ఆనించిన షెల్ఫులో పెట్టకండి, వానాకాలం గోడ చెమ్మ నేరుగా పుస్తకంలోకి ఎక్కుతుంది. తడిసిపోతే ఎండలో పరచవద్దు, కాగితం ముడుచుకుపోతుంది. పదిహేను ఇరవై ఆకులకొకచోట పాత న్యూస్‌పేపరు ముక్క పెట్టి, పుస్తకం నిలబెట్టి, ఫ్యాను గాలికి ఆరనిచ్చి, పేపర్లు రెండు మూడు గంటలకోసారి మార్చాలి. రోజూ తెరిచే పుస్తకానికి సిల్వర్ ఫిష్ పురుగు పట్టదు. బీరువాలో గుడ్డ చుట్టి దాచినదానికే పడుతుంది.

థంబ్ ఇండెక్సు గురించి ఒక్క మాట చాలు: అక్కర్లేదు. అరవై ఆరు పుస్తకాల వరుస నోటికి రావాలి. పిల్లలు సండే స్కూల్లో పాటగా నేర్చుకుంటారు, పెద్దలకూ అదే మంచి దారి.

ఇక ఎలా చదవాలన్నది. బైబిల్లో 1189 అధ్యాయాలున్నాయి. పాత నిబంధనవి 929, కొత్త నిబంధనవి 260. రోజుకు మూడు, ఆదివారం అయిదు అని చాలామంది ఆదికాండం నుంచి నేరుగా మొదలుపెడతారు. లెక్క సరైనదే, ఏడాదిలో పూర్తవుతుంది. కానీ జనవరి నెలాఖరుకు ఆది, నిర్గమ అయిపోయి లేవీయకాండం వస్తుంది. బలుల వివరాలు, కుష్ఠు పరీక్షలు, ఆ వెనకే సంఖ్యాకాండపు జనాభా లెక్కలు. సంఖ్యాకాండము 7 ఒక్కటే 89 వచనాలు, పన్నెండు గోత్రాల కానుకలూ ఒకే మాటల్లో పన్నెండుసార్లు. ఫిబ్రవరిలో ఆగిపోయినవాళ్లంతా ఆగింది ఇక్కడే. పాపం చేత కాదు, పథకం చేత.

రెండు రిబ్బన్ల పద్ధతి దీనికి మందు. ఒక రిబ్బన్ పాత నిబంధనలో, మరొకటి కొత్త నిబంధనలో ఉంచండి. సోమవారం నుంచి శనివారం దాకా రోజుకు మూడు అధ్యాయాలు పాత నిబంధన, అంటే వారానికి 18, 52 వారాలకు 936. కావలసినవి 929. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకొక అధ్యాయం కొత్త నిబంధన, అంటే 52 వారాలకు సరిగ్గా 260. ఆదివారం కొత్తగా ఏదీ పెట్టుకోవద్దు. వెనకబడినవి ఆ రోజు అందుకోవడానికే. లేవీయకాండం నడుస్తున్న వారాల్లో పక్కనే సువార్త నడుస్తుంది గనుక బలిపీఠం దేనికి చూపుతోందో అర్థమవుతుంది. కీర్తన 119లో 176 వచనాలున్నాయి, ఆ రోజు మిగతా రెండూ వదిలేసి ఆదివారం చదవండి. కీర్తన 117లో రెండే వచనాలు, అక్కడ కాలం కలిసొస్తుంది. ప్రతిలో రిబ్బన్ ఒక్కటే ఉంటే అరంగుళం వెడల్పు సాటిన్ రిబ్బన్ బట్టల కొట్లో తీసుకుని, పుస్తకం పొడవు కంటే జానెడు ఎక్కువ ఉంచి, వెన్నులోకి దోపి ఫెవికాల్ చుక్క వేస్తే సరి.

షిఫ్టు డ్యూటీలున్న ఊరిది. గాజువాక వైపు, ఓడరేవు వైపు, మందుల కంపెనీల వైపు వారం వారం వేళలు మారిపోయే ఇళ్లు వేలల్లో ఉంటాయి. తెల్లారుజామున అయిదింటికే వాక్యం చదవాలి అని ప్రసంగాల్లో వినడం, రాత్రి డ్యూటీ వారం రాగానే తప్పడం, తప్పినందుకు కుంగి మొత్తం మానేయడం, ఇది మామూలుగా జరిగేది. గడియారానికి కాకుండా నిద్రకు ముడిపెట్టండి. ఏ వేళకు లేచినా, లేచాక మొహం కడుక్కుని ఫోను ముట్టకముందు చదవడం. ఉదయం ఆరింటి షిఫ్టుకు నాలుగున్నరకు లేచేవాళ్లు ఆ పూట కొత్త నిబంధన అధ్యాయం ఒక్కటే చదివి, మిగతా మూడూ ఇంటికొచ్చాక చదవచ్చు. రాత్రి షిఫ్టు దిగివచ్చి చదవడం మాత్రం వద్దు. కళ్లు పంక్తుల మీద పరుగెడతాయి, బుర్రకు ఏమీ ఎక్కదు. పడుకుని లేచాకే కూర్చోండి.

అన్నిటికంటే ఎక్కువ చెప్పాల్సింది గుర్తులు పెట్టడం గురించి. మన సంఘాల్లో డిసెంబరు 31 రాత్రి కూడికలో వాగ్దాన కార్డు తీసుకునే ఆచారం ఉంది. ఆ వాగ్దానం ఏడాదంతా క్యాలెండరు పక్కన, వాట్సాప్ స్టేటస్‌లో ఉంటుంది. వాగ్దానం తప్పు కాదు. దాని పక్కనే ఉన్న ఆజ్ఞ కనబడకపోవడమే నష్టం. పాత బైబిల్ ఏదైనా తిరగేసి చూడండి. గీతలు పెట్టినవన్నీ ఆశీర్వాదాలే ఉంటాయి. ద్వితీయోపదేశకాండము 28లో 68 వచనాలున్నాయి. మొదటి 14 దీవెనలు, అవి ఎర్రగా, పసుప్పచ్చగా మెరుస్తుంటాయి. మిగతా 54 శాపాలు, అవి కొత్త పుస్తకంలా తెల్లగా ఉంటాయి. మొదటి వచనంలోనే ఉన్న షరతు, దేవుని మాట శ్రద్ధగా విని ఆయన ఆజ్ఞలన్నిటినీ అనుసరిస్తే అన్నది, దానికి కూడా గీత ఉండదు. యిర్మీయా 29:11 కార్డుల మీద ఎక్కువగా అచ్చయ్యే వచనాల్లో ఒకటి. అది బబులోనుకు చెరగా పోయినవాళ్లకు రాసిన ఉత్తరంలోది. దానికి ముందు వచనంలో డెబ్బై సంవత్సరాలు అని ఉంది. ఇంకా ముందు, 5 నుంచి 7 వచనాల్లో, ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, మీరు చెరగా వెళ్లిన పట్టణం క్షేమం కోరి దానికోసం ప్రార్థించండి అని ఆజ్ఞ ఉంది. పాపపు లోకంలో ఎలా బతకాలన్న ప్రశ్నకు అంత సూటి జవాబు ఇంకెక్కడుంది? పట్టణం విడిచి పారిపోవడం కాదు, పట్టణంలా మారిపోవడమూ కాదు. పదకొండో వచనం ఒక్కటే గుర్తుపెట్టుకున్నవాళ్లకు ఈ జవాబు దొరకనే దొరకదు.

అందుకని మూడు రంగుల పెన్సిళ్లు వాడండి. ఆజ్ఞకు ఎరుపు, వాగ్దానానికి ఆకుపచ్చ, హెచ్చరికకు నీలం. ఏ ఆకుపచ్చ గీత పెట్టినా దానికి ముందూ వెనకా పది వచనాలు చదివి ఎరుపు గీత ఎక్కడ పడాలో వెతకాలన్నది నియమం. రంగు పెన్సిలే ఎందుకంటే బైబిల్ కాగితం బాగా పలచన. జెల్ పెన్ను అవతలి పేజీకి దిగుతుంది, మన తేమలో అంచులు పాకి పక్క అక్షరాలు మసకబారతాయి. తడి హైలైటర్ ఇంకా చెడ్డది. బాల్‌పెన్ను మరక దించదు గానీ నొక్కుడుకి వెనక పేజీ ఉబ్బుతుంది. పెన్సిల్ మొన మరీ సన్నగా చెక్కవద్దు, కాస్త మొద్దుగా ఉంటేనే కాగితం చిరగదు.

బైబిల్‌తోపాటు ఒక నోటు పుస్తకం కొనండి, నలభై పేజీలది చాలు. రోజుకు ఒకే పంక్తి రాయాలి. చదివినదాంట్లో ఏది నచ్చిందన్నది కాదు, ఈ రోజు చేయాల్సింది ఏమిటన్నది. ఆ పంక్తిలో మనిషి పేరో, మొత్తమో, వేళో ఉండాలి. ‘ప్రేమగా ఉండాలి’ అని రాస్తే సాయంత్రానికి చేశామో లేదో తేల్చుకోలేం. ‘కిరాణా కొట్టు బాకీ 340 రూపాయలు ఈ రోజే ఇచ్చేయాలి’, ‘అత్తయ్యగారితో నిన్న విసుక్కున్నందుకు క్షమాపణ అడగాలి’, ‘రాత్రి పది తర్వాత ఫోను హాల్లోనే ఉండాలి’ అని రాస్తే తేలుతుంది. రాత్రి పడుకోబోయే ముందు ఆ పంక్తి పక్కన చేస్తే టిక్కు, చేయకపోతే సున్నా. సున్నా పడినది మర్నాడు మళ్లీ మొదటి పంక్తి అవుతుంది. వరుసగా వారం రోజులు ఒకే పంక్తి సున్నాతో నిలిచిందంటే అది ఒంటరిగా గెలిచే పాపం కాదు. పాస్టరు గారితోనో, నమ్మదగిన ఒక పెద్దతోనో చెప్పుకోవాలి. మగవాళ్లు మగవాళ్లతో, ఆడవాళ్లు ఆడవాళ్లతో చెప్పుకోవడం క్షేమం. పాపాలను ఒకరితో ఒకరు ఒప్పుకోమనే యాకోబు 5:16 చెబుతుంది.

ధ్యానానికి ఇంకో సాధనం చేతిరాత. ద్వితీయోపదేశకాండము 17లో రాజుకు ఒక నియమం ఉంది. సింహాసనం ఎక్కాక ధర్మశాస్త్రపు ప్రతిని తనకోసం రాసుకుని బతికినన్నాళ్లూ చదవాలి, తన సహోదరుల మీద గర్వించకుండా ఉండటానికి. మొత్తం రాయక్కర్లేదు. మత్తయి 5, 6, 7 అధ్యాయాలు కలిపి 111 వచనాలు, రోజుకు నాలుగు చొప్పున 28 రోజుల్లో అవుతాయి. ఆ అధ్యాయాల్లో ఉన్న కొండమీది ప్రసంగాన్ని ఒకసారి చేత్తో రాసినవాళ్లకు శత్రువును ప్రేమించడం గురించి, కంటి శోధన గురించి, రేపటి చింత గురించి వెతుక్కునే అవసరం రాదు. కంఠతకు కీర్తన 119 మంచిది. 22 భాగాలు, ఒక్కో దానికి ఎనిమిది వచనాలు. రెండు వారాలకొక భాగం పెట్టుకుంటే ఏడాది లోపే అయిపోతుంది. అందులో పదకొండో వచనం, ‘నీయెదుట నేను పాపము చేయకుండునట్లు నా హృదయములో నీ వాక్యము ఉంచుకొని యున్నాను’ అన్నది, ఈ పద్ధతి అంతటికీ ఆధారం.

అనువాదం సంగతి. ఓవీ భాష గ్రాంథికం. ఇంగ్లిషు మీడియంలో చదివిన పిల్లలకు నడక కష్టంగా ఉంటుంది, ఇది నిజమైన లోటు. పత్రికల్లో, అంటే పౌలు లాంటివాళ్లు సంఘాలకు రాసిన ఉత్తరాల్లో, ముఖ్యంగా రోమా, ఎఫెసీ పత్రికల్లో ఒక్కో వాక్యం నాలుగైదు వచనాలు సాగుతుంది. క్రియ చివరికి గానీ రాదు, అప్పటికి కర్త ఎవరో మరిచిపోతాం. అయినా ఓవీనే చెప్పడానికి కారణం, గుళ్లో చదివేది అదే, పాటల్లో వినేది అదే, అమ్మమ్మల నోట ఉన్నది అదే. ఒకే మాట చెవిలో, కంట్లో, నోట్లో పడితేనే లోపల నిలుస్తుంది. అర్థం కాని చోట వాడుక భాషలో వచ్చిన అనువాదం పక్కన పెట్టుకుని చూసుకోవచ్చు. పిల్లలకైతే తెలుగు-ఇంగ్లిషు జంట ప్రతి కొన్నాళ్లు సాయపడుతుంది. కుటుంబ ప్రార్థనలో తలా ఒక వచనం పైకి చదివిస్తే ఆరు నెలల్లో ఓవీ నడక పట్టుబడుతుంది.

ఈ అనువాదపు మొదటి అడుగులు విశాఖలోనే పడ్డాయని ఊళ్లో చాలామందికి తెలియదు. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో ఇక్కడికి వచ్చి, తెలుగు నేర్చుకుని సువార్తల అనువాదం మొదలుపెట్టారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసి వాళ్లకు తోడయ్యాడు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో కన్నుమూశారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి, ఇద్దరిలో ఎవరూ ఆ పుస్తకం చూడలేదు. తర్వాత విశాఖలోనే పనిచేసిన మిషనరీ ప్రిచెట్ పూర్తిచేసిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది. ఆ తర్వాత ఎన్నో సవరణలు జరిగాయి, ఇప్పుడు మన చేతిలో ఉన్న పాఠం అది కాదు. అయినా అచ్చు చూడకుండానే పోయినవాళ్ల కష్టం మీద మొదలైన పుస్తకం అని తెలిసినప్పుడు, అధ్యాయాన్ని గబగబా ముగించి టిక్కు పెట్టాలనే తొందర తగ్గుతుంది.

ఫోను యాప్ చాలదా అని అడిగేవాళ్లు ఉంటారు. కొన్నిటికి చాలు. వచనం వెతకడానికి యాప్‌ను మించింది లేదు. చూపు తగ్గిన పెద్దవాళ్లకు, చదువు రానివాళ్లకు ఆడియో బైబిల్ గొప్ప మేలు. వంట చేస్తూ, బస్సులో వెళ్తూ వినొచ్చు. కానీ రోజువారీ పఠనానికి యాప్‌ను ఆధారం చేసుకోకండి. శోధన తలుపు ఉన్నది ఆ తెర మీదే. యెషయా 53 చదువుతుండగా పైనుంచి రీల్ నోటిఫికేషన్ దిగితే వేలు దానంతటదే వెళ్తుంది. వరుసగా ఎన్ని రోజులు చదివామో లెక్క చూపించే సదుపాయం మొదట్లో ఉత్సాహాన్నిస్తుంది, పోనుపోను లెక్క తెగకుండా చూసుకోవడమే భక్తిగా మారుతుంది. యాపే వాడక తప్పనివాళ్లు బైబిల్ టెక్స్టు డౌన్‌లోడ్ చేసుకుని, ఏరోప్లేన్ మోడ్ పెట్టి, ఆ తర్వాతే తెరవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక ఈ ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు, సిగ్నలు లేదు. కాగితం బైబిల్‌కు కొవ్వొత్తి చాలు.

వ్యాఖ్యానాలున్న స్టడీ బైబిల్ రెండో ఏటికి మంచి కొనుగోలు. మొదటి ఏడాది మాత్రం వద్దు. కంటికి పైనున్న వాక్యం కంటే కిందున్న వివరణ తేలిగ్గా కనిపిస్తుంది. పొరుగువాణ్ని క్షమించమనే మాట చదివి ఎవరిని క్షమించాలో తేల్చుకునే లోపే చూపు కిందికి జారి, ఆ కాలపు యూదుల ఆచారాల మీద అర పేజీ చదివేస్తాం. తెలివి పెరుగుతుంది, ఆ పొరుగువాడు అక్కడే ఉంటాడు.

ధర విషయానికొస్తే, ఈ సాదా ప్రతులు మిగతా అలంకారపు ప్రతుల కంటే చవక. బైబిల్ సొసైటీ ప్రతులు రాయితీ ధరకు దొరుకుతాయి గనుక అక్కడ బేరం ఆడే పని ఉండదు. జిప్పుకు, బంగారు అంచుకు పెట్టే అదనపు డబ్బుతో రంగు పెన్సిళ్లు, నోటు పుస్తకం, రెండో రిబ్బన్ వచ్చేస్తాయి. అయిదుకు నాలుగు మార్కులు. ఒక మార్కు తగ్గించింది బరువుకు, పత్రికల్లో సాగే పొడుగాటి వాక్యాలకు.

బాప్తిస్మానికో పెళ్లికో కానుకగా కొనేవాళ్లకు ఒక సూచన. తొడుగుతో, బంగారు అక్షరాల పేరుతో ఇచ్చినవి షోకేసులోకే వెళ్తాయి. సాదా ప్రతి కొని, పైన చెప్పినట్టు ఆకులు విప్పి, రెండు రిబ్బన్లూ ఆదికాండము 1 దగ్గర, మత్తయి 1 దగ్గర పెట్టి, లోపల మొదటి వారం చదవాల్సిన అధ్యాయాలు ఒక చీటీ మీద రాసి ఇవ్వండి: సోమవారం ఆది 1, 2, 3, మత్తయి 1, మంగళవారం ఆది 4, 5, 6, మత్తయి 2, అలా శనివారం దాకా. శనివారం పాత నిబంధన మాత్రమే, ఆది 16, 17, 18. ఇచ్చినవాళ్లే రెండో ఆదివారం గుళ్లో కలిసినప్పుడు ఎక్కడిదాకా వచ్చిందని అడగండి. పిల్లలకు ఇచ్చేటప్పుడైతే చీటీలో పాత నిబంధన అధ్యాయాలను రోజుకు ఒకటికి తగ్గించండి.